పిట్ట చెట్టు మీద ఉంటే ఇంగ్లీషులో ఎక్కడున్నట్టు?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఇంగ్లీషు నేర్చుకునే ప్రతివాళ్లూ మొదట్లోనే బట్టీపట్టే పట్టిక ఒకటుంది. ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, ఎట్ అంటే దగ్గర, టు అంటే కి, ఫ్రమ్ అంటే నుంచి. పదేళ్ల పిల్లలకి ఇది ఉపయోగపడుతుంది, కాదనను. ఇబ్బందేమిటంటే చాలామంది పెద్దయ్యాక కూడా ఆ పట్టికతోనే బండి లాగిస్తారు. టెన్సులు తప్పవు, మాటలకి తడుముకోరు, ఉచ్చారణ కూడా బాగానే ఉంటుంది. తీరా 'రీచ్డ్ టు ద స్టేషన్' అని రెండక్షరాల మాట దగ్గర దొరికిపోతారు.

ఈ పట్టిక ఎందుకు పనిచేయదో చెప్పడానికే ఈరోజు వచ్చాను. వస్తువు ఏమిటో తెలిసినంత మాత్రాన దానికి ఏ ప్రిపొజిషన్, అంటే ఇన్, ఆన్, ఎట్ లాంటి చిన్న మాట, వస్తుందో చెప్పలేం. మాట్లాడేవాళ్లు ఆ వస్తువుని ఎలా చూస్తున్నారో తెలియాలి. ఒక చుక్కగానా, ఒక గీతగానో ఉపరితలంగానో చూస్తున్నారా, నాలుగు వైపులా హద్దులున్న చోటుగానా? చుక్క అయితే ఎట్. గీత, ఉపరితలం అయితే ఆన్. లోపల అనిపించేది అయితే ఇన్. ఇంతవరకూ ఏ గ్రామర్ పుస్తకం తెరిచినా ఉంటుంది. అసలు విషయం ఏమిటంటే, ఒకే వస్తువు పొద్దున చుక్క కావచ్చు, సాయంత్రం గది కావచ్చు.

ముందు ఆన్ సంగతి చూద్దాం. మనల్ని ఎక్కువ మోసం చేసేది ఇదే.

తెలుగులో వేలికి ఉంగరం అంటాం. చొక్కాకి గుండీ, తలుపుకి గొళ్లెం, గోడకి గడియారం, చెట్టుకి కాయలు. అన్నిటికీ కి వచ్చింది చూడండి. పట్టిక ప్రకారం కి అంటే టు. కానీ ఇంగ్లీషులో వీటన్నిటికీ వచ్చేది ఆన్. 'ద రింగ్ ఆన్ హర్ ఫింగర్', 'ద బటన్ ఆన్ ద షర్ట్', 'ద క్లాక్ ఆన్ ద వాల్'. ఇంకా విచిత్రం, పైకప్పుకి అంటుకుని ఉన్న బల్లి కూడా 'ఆన్ ద సీలింగ్' అవుతుంది. ఆ బల్లి సీలింగుకి మీద ఎక్కడుంది? నిజానికి కింద వేలాడుతోంది. అంటే ఆన్‌కి పైన, కింద అనే పట్టింపు లేదన్నమాట. దానికి కావలసినవి రెండే: తాకి ఉండాలి, తాకినదాని ఆధారంతో నిలబడాలి. పుస్తకం బల్ల ఆధారంతో నిలబడింది, గడియారం గోడ ఆధారంతో, బల్లి కప్పు ఆధారంతో. మనం మీద అనే మాటలో ఎత్తు చూస్తాం. వాళ్లు ఆన్‌లో ఆసరా చూస్తారు.

ఇది మన ఒక్కరి తంటా అనుకోకండి. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో మాక్స్ ప్లాంక్ వారి భాషా మనస్తత్వ సంస్థ ఉంది. అక్కడ మెలిస్సా బవర్‌మన్, ఎరిక్ పెడర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో 71 బొమ్మలు తయారుచేశారు. టేబుల్ మీద కప్పు, గిన్నెలో యాపిల్, కవరు మీద స్టాంపు, వేలికి ఉంగరం, ఇలాంటివే. వేర్వేరు భాషలవాళ్లకి ఆ బొమ్మలు చూపించి ఏది ఎక్కడుందో చెప్పమంటారు. ఒక్కో భాష ఒక్కో చోట గీత గీస్తుంది. స్పానిష్‌వాళ్లు కప్పుకీ యాపిల్‌కీ 'ఎన్' అనే ఒకే మాటతో పని కానిచ్చేస్తారు. డచ్‌వాళ్లు టేబుల్ మీద కప్పుకి ఒక మాట, గోడకి తగిలించిన బొమ్మకి ఇంకో మాట వాడతారు. అచ్చం మన మీద, కి లాగే. ఇంగ్లీషువాడు ఆ రెండిటినీ కలిపి ఒకే ఆన్‌లో పడేశాడు. కాబట్టి తెలుగులో లేనిది వాళ్ల దగ్గరేదో ఉందని కంగారుపడక్కర్లేదు. ఇక్కడ మనమే ఎక్కువ వివరంగా మాట్లాడుతున్నాం.

ఇప్పుడు చెట్టు దగ్గరికొద్దాం. కాయలు చెట్టుకి ఉన్నాయి, పిట్ట చెట్టు మీద ఉంది. పట్టిక నమ్మినవాళ్లు పిట్టకి ఆన్ పెడతారు. కానీ ఇంగ్లీషులో కాయలు 'ఆన్ ద ట్రీ', పిట్ట 'ఇన్ ద ట్రీ'. సరిగ్గా తిరగబడింది. కాయ చెట్టుకి అంటుకుని ఉంది, చెట్టే దానికి ఆధారం, అందుకని ఆన్. పిట్ట విషయంలో ఇంగ్లీషువాడు చెట్టుని ఆకులూ కొమ్మలూ కలిసిన గుబురుగా చూస్తాడు. పిట్ట ఆ గుబురు లోపల ఉంది. అదే పిట్టని మీరు ఇంకాస్త దగ్గరగా చూసి కొమ్మ గురించి మాట్లాడితే 'ఆన్ ద బ్రాంచ్'. పిట్ట కదల్లేదు, చెట్టు మారలేదు. మారింది మన చూపే.

గడ్డి కూడా అంతే. కత్తిరించిన గడ్డి మీద కూర్చుంటే 'ఆన్ ద గ్రాస్'. నడుము దాకా పెరిగిన గడ్డిలో ఏదైనా దాక్కుంటే 'ఇన్ ద గ్రాస్'. మామూలు కుర్చీ అయితే 'ఆన్ ఎ చెయిర్', చేతులున్న మెత్తటి కుర్చీలో కూరుకుపోతే 'ఇన్ ఎన్ ఆర్మ్‌చెయిర్'. మంచం మీద కూర్చుని చదువుకుంటే 'ఆన్ ద బెడ్', దుప్పటి కప్పుకుని పడుకుంటే 'ఇన్ బెడ్'.

ఆన్‌కి గీత కూడా చాలని చెప్పాను. నది మ్యాపులో ఒక గీత. అందుకే 'కైరో ఈజ్ ఆన్ ద నైల్' అంటారు. కైరో నైలు నది మీద తేలడం లేదు, ఒడ్డున ఉంది. తీరం, సరిహద్దు, భూమధ్యరేఖ, అన్నీ గీతలే, అన్నిటికీ ఆన్. అదే నదిలో చేప 'ఇన్ ద రివర్', పడవ 'ఆన్ ద రివర్'.

ఇక ఎట్. దీని గురించి ఒక పాత సూత్రం ఇంకా తిరుగుతోంది: పెద్ద నగరానికి ఇన్, చిన్న ఊరికి ఎట్. దయచేసి మర్చిపోండి. ఒకప్పటి ఇంగ్లీషులో దానికి కొంత ఆధారం ఉండేదేమో గానీ, ఇప్పుడు మనిషి ఎంత చిన్న పల్లెలో ఉన్నా 'ఇన్ ఎ విలేజ్' అనే అంటారు. అలాగని మహానగరానికి ఎట్ రాదనీ కాదు. విమానం మధ్యలో దుబాయ్‌లో ఆగి వెళ్తుందనుకోండి, 'ద ప్లేన్ స్టాప్స్ ఎట్ దుబాయ్' అనవచ్చు. ఆ ప్రయాణంలో దుబాయ్ అంత పెద్ద నగరమూ ఒక చుక్క, ఒక మజిలీ. ఆ నగరంలో కాపురముంటే మాత్రం 'ఇన్ దుబాయ్' తప్ప ఇంకోటి లేదు. ఊరి జనాభాతో ఎట్‌కి పని లేదు.

అడ్రసు చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. బ్రిటిష్ ప్రధాని నివాసం 'ఎట్ 10 డౌనింగ్ స్ట్రీట్'. ఇంటి నంబరు వచ్చిందంటే అది చుక్క. నంబరు తీసేస్తే బ్రిటిష్‌వాళ్లు 'ఇన్ డౌనింగ్ స్ట్రీట్' అంటారు. రెండు వైపులా ఇళ్లు, మధ్యలో వీధి, మనం వాటి లోపల ఉన్నట్టు. అమెరికన్లకి వీధి అంటే గీత. వైట్‌హౌస్ 'ఎట్ 1600 పెన్సిల్వేనియా అవెన్యూ', నంబరు లేకపోతే 'ఆన్ పెన్సిల్వేనియా అవెన్యూ'. రెండూ ఒప్పే. పరీక్ష పేపరు దిద్దేవాళ్లకి ఈ సంగతి తెలిస్తే బాగుంటుంది.

ఎట్ వాడినప్పుడు మనిషి కచ్చితంగా ఎక్కడున్నాడో చెప్పడం లేదు, ఏ పని మీద ఉన్నాడో కూడా ధ్వనిస్తుంది. 'ఎట్ ద స్టేషన్' అంటే ప్లాట్‌ఫారం మీద ఉండొచ్చు, టికెట్ల క్యూలో ఉండొచ్చు, బయట మెట్ల మీద కూర్చుని ఉండొచ్చు. రైలు పని మీద వెళ్లాడని మాత్రం తెలుస్తుంది. 'ఇన్ ద స్టేషన్' అంటే ఆ కట్టడం లోపల. వాన పడుతోంది, తడవకుండా ఎక్కడ నిలబడ్డావంటే 'ఇన్ ద స్టేషన్'. ఇంకో చిన్న జాగ్రత్త. ఆఫీసరు గారు 'ఎట్ ద టేబుల్' ఉంటే బల్ల ముందు కుర్చీలో కూర్చుని పనిచేసుకుంటున్నారు. 'ఆన్ ద టేబుల్' అన్నారంటే బల్ల ఎక్కి కూర్చున్నారని. (నవ్వులు)

వాహనాల దగ్గర ఇన్, ఆన్ గొడవ మీకు తెలిసిందే. కారు, టాక్సీ ఇన్. బస్సు, రైలు, విమానం, ఓడ ఆన్. లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ఆన్, ఎక్కి అలాగే కూర్చుండిపోవాల్సి వస్తే ఇన్, అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. చిన్న పడవ అందుకే ఇన్, పెద్ద ఓడ ఆన్. సైకిలు, గుర్రం సంగతి వేరు, వాటి పైన కూర్చుంటాం కాబట్టి ఆన్. భాషాశాస్త్రవేత్తలు గమనించిన ఒక ముచ్చట నాకు చాలా ఇష్టం. పిల్లలు 'ఆన్ ద బస్' ఆడుకుంటున్నారంటే ఆ బస్సు ఎక్కడికో ప్రయాణం చేస్తోందని అర్థం వస్తుంది. పాడుబడి చక్రాల్లేని బస్సులో ఆడుకుంటుంటే 'ఇన్ ద బస్'. అది ఇప్పుడు బస్సు కాదు, ఒట్టి రేకుల గది.

అయితే వీటన్నిటి వెనకా గట్టి తర్కం ఉందని నేను ఒట్టేసి చెప్పను. పాత ఇంగ్లీషులో ఇప్పుడు ఇన్ వచ్చే చాలా చోట్ల ఆన్ అనేవారు. ఆ ఆన్ అరిగిపోయి ఒక్క అచ్చుగా కొన్ని మాటల ముందు ఇప్పటికీ మిగిలింది. 'ఎలైవ్'లో మొదటి అక్షరం అదే, 'అస్లీప్'లోనూ అదే. అప్పట్లో ఇంగ్లీషు నామవాచకాలకి కూడా మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. అవి క్రమంగా రాలిపోయాయి. వాటి పనంతా ఈ చిన్న మాటల నెత్తిన పడింది. అందుకే ఒక్కోదానికి ఇన్ని పనులు.

ఇప్పుడు కదలిక. ఇక్కడ మాత్రం తెలుగు మనకి శత్రువు కాదు, సాయం చేస్తుంది. నుంచి అంటే ఫ్రమ్ అని నేర్చుకున్నాం కదా, కానీ మనం మాట్లాడేటప్పుడు ఒట్టి నుంచి ఒక్కటే వాడం. పెట్టెలోంచి తీశాడు. గోడ మీంచి దూకాడు. తలుపు దగ్గర్నుంచి పిలిచాడు. మూడూ వేరు. ఇంగ్లీషులోనూ మూడూ వేరే. ఇన్‌కి వ్యతిరేకం అవుట్ ఆఫ్, ఆన్‌కి వ్యతిరేకం ఆఫ్, ఎట్‌కి వ్యతిరేకం ఫ్రమ్. పెట్టెలోంచి అయితే 'అవుట్ ఆఫ్ ద బాక్స్'. నిచ్చెన మీంచి పడితే 'ఆఫ్ ద ల్యాడర్'. తలుపు దగ్గర్నుంచి అయితే 'ఫ్రమ్ ద డోర్'. బస్సుకి ఆన్ అన్నాం కాబట్టి దిగితే 'గెట్ ఆఫ్ ద బస్', కారుకి ఇన్ అన్నాం కాబట్టి 'గెట్ అవుట్ ఆఫ్ ద కార్'. ఉన్న చోటుకి ఏది వాడాలో తెలిస్తే, వదిలి వచ్చేటప్పుడు ఏది వాడాలో దాదాపు దానంతటదే వస్తుంది.

వెళ్లే వైపు కూడా అంతే. గదిలో నడిచాడు, గదిలోకి నడిచాడు. ఈ తేడా తెలుగువాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. మొదటిది 'వాక్డ్ ఇన్ ద రూమ్', లోపలే అటూ ఇటూ తిరిగాడు. రెండోది 'వాక్డ్ ఇంటు ద రూమ్', బయటి నుంచి లోపలికి వచ్చాడు. పెట్టడం, పడెయ్యడం లాంటి క్రియలకి మాత్రం ఇన్ అన్నా ఇంటు అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. టు, టువర్డ్స్ కూడా మనకి కష్టం కాదు. స్టేషన్‌కి వెళ్లాడు, స్టేషన్ వైపు వెళ్లాడు. వైపు అంటే చేరాడో లేదో చెప్పలేదు.

విసరడం దగ్గర ఆగుదాం. బంతి ఆమెకి విసిరాడు, 'త్రూ ద బాల్ టు హర్', ఆమె పట్టుకోవాలని. ఆమె మీదికి విసిరాడు, 'త్రూ ద బాల్ ఎట్ హర్', తగలాలని. చుక్క అన్నాం కదా, ఇక్కడ ఆ చుక్కే గురి అవుతుంది. గురి ఉన్నచోటల్లా ఎట్ వస్తుంది: చూడటం, వేలు చూపించడం, తుపాకీ పెట్టడం, అరవడం. నా మీద అరిచాడని మనం అంటాం కాబట్టి 'షౌటెడ్ ఆన్ మి' వచ్చేస్తుంది నోటికి. అది 'ఎట్ మి'. దూరంగా ఉన్న మనిషికి వినపడాలని కేకేస్తే 'షౌటెడ్ టు మి', అందులో కోపం లేదు.

అసలు ప్రిపొజిషనే అక్కర్లేని చోట్లు కొన్ని ఉన్నాయి. మన టెన్షన్లలో సగం ఇక్కడే. రీచ్ అనే క్రియలోనే చేరడం పూర్తయిపోయింది, టు అక్కర్లేదు, 'రీచ్డ్ ద స్టేషన్'. ఎంటర్‌లోనే లోపలికి అనేది ఉంది, 'ఎంటర్డ్ ద రూమ్'. ఒప్పందంలోకి దిగితే మాత్రం 'ఎంటర్ ఇంటు' అంటారు, అది వేరే సంగతి. అరైవ్ దీనికి పూర్తిగా ఎదురు. దానికి ఏదో ఒకటి కావాలి, కానీ టు మాత్రం ఎప్పుడూ రాదు. స్టేషన్ అయితే 'అరైవ్డ్ ఎట్', దేశమో నగరమో అయితే 'అరైవ్డ్ ఇన్'. అలాగే హోమ్, హియర్, దేర్, అబ్రాడ్, అప్‌స్టెయిర్స్. ఇవి దిక్కుని కడుపులో పెట్టుకున్న మాటలు. 'గో హోమ్' చాలు. మన ఇంటికిలో కి ఉంది కదా అని టు చేర్చకండి.

తెలుగులో దాటడం అనే ఒక్క క్రియ ఉంది. రోడ్డు దాటాం, అడవి దాటాం, గోడ దాటాం, బ్యాంకు దాటి ఎడమవైపు తిరిగాం. ఇంగ్లీషు ఇక్కడ నాలుగు ముక్కలు చేస్తుంది. రోడ్డుకి అక్రాస్, అడవికి త్రూ, గోడకి ఓవర్, బ్యాంకుకి పాస్ట్. దేనికేదో తేల్చుకోవాలంటే మన చుట్టూ ఏముందో చూసుకోవాలి. పరిచినట్టున్న చోట ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వెళ్తే అక్రాస్. చెట్లో, గోడలో, జనమో చుట్టుముట్టి ఉంటే త్రూ. అడ్డం మీంచి ఎక్కి దిగితే ఓవర్. పక్కనుంచి సాగిపోతే పాస్ట్.

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ ఇంగ్లీష్ ఛానల్. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న ఆ సన్నటి సముద్రాన్ని మనుషులు రకరకాలుగా దాటారు. 1875లో మాథ్యూ వెబ్ దాదాపు 22 గంటలు ఈది అవతలి ఒడ్డు చేరాడు. అది 'స్వామ్ అక్రాస్ ద ఛానల్'. నీటిని ఒక పరుపులా, రెండు అంచులున్న చోటుగా చూశాం. 1909లో లూయీ బ్లేరియో విమానంలో దాటాడు, 'ఫ్లూ ఓవర్ ద ఛానల్'. ఆయనకీ అక్రాస్ వేయొచ్చు, తప్పు లేదు. ఓవర్ అన్నప్పుడు కింద నీళ్లు కనపడతాయి, అంతే. 1994లో సొరంగం తెరిచారు. సుమారు 50 కిలోమీటర్ల పొడవు, అందులో 38 దాకా సముద్రం కింద. రైలు వెళ్లేది 'త్రూ ద టనెల్', 'అండర్ ద సీ'. ఒడ్డు పక్కనే వెళ్లే ఓడ ఉంటే అది 'అలాంగ్ ద కోస్ట్'. ఒక్క నీటిపాయ, దాని మీద ఇన్ని చూపులు.

అబవ్, ఓవర్ గురించి ఎక్కువ చెప్పను. కొలత ఉంటే అబవ్, బిలో. ఎవరెస్టు శిఖరం 8,849 మీటర్లు 'అబవ్ సీ లెవెల్'. డెడ్ సీ తీరం 400 మీటర్లకి పైగా 'బిలో సీ లెవెల్'. కప్పడం, దాటడం ఉంటే ఓవర్. దిక్కులు కూడా ఒక్క ముక్కలో. స్కాట్లాండ్ బ్రిటన్‌లో భాగం కాబట్టి 'ఇన్ ద నార్త్ ఆఫ్ బ్రిటన్', ఇంగ్లండ్‌కి బయట ఉంది కాబట్టి 'టు ద నార్త్ ఆఫ్ ఇంగ్లండ్'. మనం రెండిటికీ ఉత్తరాన అని ఊరుకుంటాం.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం, ఎందుకంటే దీన్ని తప్పుగా కూడా గుర్తించరు. నేను కూర్చున్న కుర్చీ. ఆమె ఉంటున్న ఇల్లు. ఈ మాటల్లో విభక్తి ఎక్కడుంది? కుర్చీలో కూర్చున్నాను, ఇంట్లో ఉంటోంది అన్నప్పుడు లో ఉంది. వాక్యం తిరగేసి క్రియని ముందు పెట్టేసరికి లో మాయమైపోయింది. తెలుగు వ్యాకరణం అలాగే నడుస్తుంది. ఇంగ్లీషులో అది మాయం కాదు, చివర్లో నిలబడి ఉంటుంది. 'ద చెయిర్ ఐ శాట్ ఆన్', 'ద హౌస్ షి లివ్స్ ఇన్'. మనం హాయిగా 'ద హౌస్ షి లివ్స్' అని ఆపేస్తాం. వాక్యం పూర్తయినట్టే ఉంటుంది మన చెవికి.

వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని చదువుకున్నామే అని కొందరికి అనిపించవచ్చు. 1672లో జాన్ డ్రైడన్ అనే కవి, బెన్ జాన్సన్ అనే నాటక రచయిత రచనల్లో ఇలా చివర ప్రిపొజిషన్ వస్తోందని తప్పుపట్టాడు. తర్వాత వచ్చిన వ్యాకరణ పండితులు ఆ మాట పట్టుకుని ఊగారు. జనం మాత్రం పట్టించుకోలేదు. 'విచ్ రూమ్ ఆర్ యు ఇన్' అని ధైర్యంగా అడగండి.

ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి: 'ఇన్ హాస్పిటల్' సరైనదా, 'ఇన్ ద హాస్పిటల్' సరైనదా?

రోగి చేరి మంచం మీద ఉంటే బ్రిటిష్‌వాళ్లు 'ఇన్ హాస్పిటల్' అంటారు, అమెరికన్లు 'ఇన్ ద హాస్పిటల్' అంటారు. చూడ్డానికి వెళ్లినవాళ్లూ అక్కడ ఉద్యోగం చేసేవాళ్లూ 'ఎట్ ద హాస్పిటల్'. మీరు ఫోన్‌లో మీ వాళ్లకి ఇన్ అని చెప్పారంటే పరుగెత్తుకొస్తారు. (నవ్వులు)

సభలోంచి: కార్నర్‌కి మూడూ చూశాను సార్. ఏది రాయాలి?

మూడూ రాయొచ్చు, ఏ మూలో చెప్పండి ముందు. గదిలో మూల అయితే రెండు గోడలు మనల్ని పట్టుకుంటాయి, 'ఇన్ ద కార్నర్'. కాగితంలో కుడివైపు పై మూల కూడా ఇన్. వీధి మలుపు అయితే మనం బయటివైపు నిలబడతాం, అది 'ఎట్ ద కార్నర్' లేదా 'ఆన్ ద కార్నర్'. బల్ల మూల మోకాలికి తగిలిందనుకోండి, అది 'ఆన్ ద కార్నర్ ఆఫ్ ద టేబుల్', తగిలింది దాని అంచు కాబట్టి.